ఫిడేలులోని చీటీ: జర్మనీ వాద్యకారులు, వారి వెనుకనున్న పనివారు

ఫిడేలు ముందుపలక మీద రెండు వంపు రంధ్రాలుంటాయి. ఎడమవైపు రంధ్రంలోకి దీపం వెలుగు పడేటట్లు పట్టుకొని చూస్తే, లోపల వెనుకపలకకు అంటించిన కాగితపు చీటీ ఒకటి కనిపిస్తుంది. మన పాత ఇళ్ళలో, సంఘాల బీరువాలలో మిగిలి ఉన్న ఫిడేళ్ళు తీసి చూడండి. చాలావాటి చీటీ మీద లాటిన్ భాషలో ఆంటోనియస్ స్ట్రాడివారియస్, క్రెమోనా అని పెద్ద పేరే ఉంటుంది. ఆ పేరు చూచి మన ఇంట లక్షలు మూలుగుతున్నాయని సంబరపడినవారు ఉన్నారు. కాని అదే చీటీ అడుగున చిన్న అక్షరాలలో, ఇంగ్లీషులో, మేడ్ ఇన్ జర్మనీ అని కూడా తరచుగా ఉంటుంది. పేరు ఇటలీవాడిది, పని జర్మనీవాడిది. పని చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

వాద్యకారులను గురించి వ్రాసేవారు సాధారణంగా చీటీ పై వరుస దగ్గర ఆగిపోతారు. ఫలానా విద్వాంసుని వద్ద ఫలానా సంవత్సరపు స్ట్రాడివారి ఉన్నది, దాని వెల ఇంత, అందుకే ఆ నాదం అంటారు. విమర్శ అక్కడితో సరి. మేము చీటీని అడుగు వరుస నుంచి పైకి చదువుదామంటున్నాము. జర్మనీ దేశపు తంత్రీవాద్యాల చరిత్రను అలా చదివితేనే ఆ దేశం కన్న గొప్ప వాద్యకారుల గొప్పతనం ఎక్కడున్నదో తెలుస్తుంది. ఇది మన పాఠకులకు కష్టమైన పని కాదు. మన తాతలు నరికిన చెరుకు పంచదార అయి ఓడ ఎక్కినప్పుడు గోనెసంచి మీద ఎస్టేటు పేరే ఉన్నది గాని, కొడవలి పట్టినవాడి పేరు లేదు. వారికి ప్రభుత్వం ఇచ్చినది ఒక అంకె. ఆ అంకెల పుస్తకాలు ఈనాటికీ మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి. చీటీ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ముందు ఆ ఇంగ్లీషు మాటల సంగతి. 1887లో బ్రిటిష్ పార్లమెంటు సరుకుల గుర్తులను గురించి ఒక చట్టం చేసింది. విదేశంలో తయారై, బ్రిటిష్ సరుకులాగ చలామణీ అయ్యే వస్తువు మీద అది ఏ దేశంలో తయారయిందో చెప్పి తీరాలన్నారు. జర్మనీ సరుకును చిన్నబుచ్చడం అందులోని ఉద్దేశం. కొన్నేళ్ళు గడిచేసరికి ఆ ముద్రే మన్నికకు గుర్తయి కూర్చున్నది. కనుక చీటీ మీద 1721 అని ఎంత పాత సంవత్సరం వేసి ఉన్నా, ఆ ఇంగ్లీషు మాటలున్న ఫిడేలు ఆ చట్టానికి తరువాతదే అనుకోవచ్చు.

అది పుట్టిన చోటు సామాన్యంగా మార్క్‌నొయ్‌కిర్షెన్ అనే చిన్న ఊరు, లేదా దాని పొరుగు ఊళ్ళు. సాక్సనీలో దక్షిణపు కొసన, బొహీమియా సరిహద్దును ఆనుకొని ఉన్న కొండసీమ అది. ముప్ఫై యేళ్ళ యుద్ధం నాటి మతకలహాల ఫలితంగా బొహీమియాలోని ప్రొటెస్టంటులకు మతం విడవడమో, ఊరు విడవడమో తప్పనిసరి అయింది. గ్రాస్‌లిట్స్ ప్రాంతపు ఫిడేలు పనివారు కొందరు ఊరు విడిచారు. సరిహద్దు దాటి ఇవతలి లోయలో స్థిరపడ్డారు. 1677లో పన్నెండుమంది పెద్ద పనివారు కలిసి అక్కడ ఫిడేలు పనివారి సంఘం స్థాపించారు. ప్రపంచంలో సగం దేశాలకు ఫిడేళ్ళు పంపిన ఊరికి మూలపురుషులు కాందిశీకులన్నమాట. ఇల్లు, పొలం సరిహద్దుకు అవతల ఉండిపోవచ్చు గాని, చేతిలోని విద్యను ఎవరూ లాక్కోలేరు.

ఇంతవరకు మనకు నచ్చే కథే. తరువాతి భాగం అంత ముచ్చటగా ఉండదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఫిడేలుకు గిరాకీ పెరిగింది. ఒక్క పనివాడే ఫిడేలును మొదటినుంచి చివరివరకు చేసే పద్ధతి పోయి, పని ముక్కలయింది. ఒక ఇంట్లో మెడను, దాని కొసన నత్తగుల్లవంటి చుట్టను చెక్కుతారు. మరొక ఇంట్లో ముందుపలక, వెనుకపలక, ప్రక్కపట్టీలు కూర్చి పొట్ట తయారు చేస్తారు. ఈ పొట్టల పని ఎక్కువగా సరిహద్దు అవతల షోన్‌బాహ్ ఊరిలోను, దాని చుట్టుప్రక్కలను జరిగేది. బిరడాలు చేసే ఇల్లు ఒకటి, గుర్రాలు కోసే ఇల్లు ఒకటి, కమానులకొకటి, తీగలకొకటి. ఇంటిల్లిపాదీ, ఆడవారూ పిల్లలూ సహా, పనిలో చేయివేసేవారు. తయారైన ముక్కలను వర్తకుడికి అప్పగిస్తే, అతడు కూలి లెక్కకట్టి ఇచ్చేవాడు. ముక్కలన్నీ కూర్పించి, రంగు వేయించి, చీటీ అంటించి, పెట్టెలకెత్తి దేశదేశాలకు పంపేది వర్తకుడు. ఆ వర్తకులకు అక్కడి భాషలో వాడుక పేరు ఫోర్ట్‌షికర్లు. మన మాటలో చెప్పాలంటే పంపేవాళ్ళు.

ఈ మాట దగ్గర మేము కాసేపు ఆగిపోయాము. కోరింగ రేవు నుంచి మన పెద్దలను ఓడలెక్కించినవారికి కూడా ఇంతకంటె మంచి పేరు దొరకదు. అక్కడ సరుకును పంపారు, ఇక్కడికి మనుషులనే పంపారు. తేడా చిన్నదని మేము అనడం లేదు. మార్క్‌నొయ్‌కిర్షెన్ పనివాడు తన ఇంట్లో, తన భాషలో, తన భార్యాబిడ్డల మధ్య కూర్చొని పని చేసుకున్నాడు. సిర్దారు కొరడా అతని వీపు మీద లేదు. కాని శ్రమ ఒకరిది, పేరూ లాభమూ మరొకరివి అన్నచోట రెండు కథలూ ఒకదానినొకటి గుర్తు పడతాయి. వర్తకం ఎంత పెరిగిందంటే, అమెరికా ప్రభుత్వం ఆ చిన్న ఊళ్ళో 1893 నుంచి 1916 వరకు ఒక కాన్సలు కార్యాలయమే నడిపింది. వర్తకుల మేడలు ఈనాటికీ అక్కడ నిలిచి ఉన్నవి, చూడముచ్చటగా ఉంటాయి కూడా.

ఆ ఫిడేళ్ళన్నీ మంచివేనా అంటే, కావు. మెప్పు కోసం అబద్ధం వ్రాయడం విమర్శకునికి తగదు. మంచి ఫిడేలులో ముందుపలక క్రింద, మంద్రపు తీగ వైపున ఒక పొడుగాటి బద్దను విడిగా చెక్కి, పలక వంపుకు సరిగా ఒదిగేట్లు చేసి అంటిస్తారు. చౌకరకం సాక్సనీ ఫిడేలులో ఆ బద్దను విడిగా అంటించకుండా, పలక తొలిచేటప్పుడే ఆ కర్రలో కొంత మిగిల్చి వదిలేశారు. మూలల్లో ఉండవలసిన దిమ్మలు ఉండవు. పలక మందం ఉండవలసినదానికంటె ఎక్కువ. ముక్కకు ఇంత అని కూలి ఇచ్చేచోట, పలకను మరి నాలుగు గంటలు గీకి పలచన చేయడానికి ఎవరికి గిట్టుతుంది? కాబట్టి ఆ లోపం చేతిది కాదు, కూలిది. అదే ఊళ్ళో, అదే చేతులు, వ్యవధీ తగిన వెలా దొరికినప్పుడు మొదటి తరగతి వాద్యాలు కూడా చేశాయి. అక్కడి కమానుల పేరు ప్రపంచమంతటా తెలిసినదే.

ఇక్కడ మా సంఘం బీరువాలోని ఫిడేలు సంగతి చెప్పక తప్పదు. మూడు నాలుగేళ్ళ క్రిందట దానిని ఒక వర్తకుడికి చూపించాము. పైన చెప్పిన చీటీయే దానికీ ఉన్నది. ఆయన లోపలికి ఒకసారి చూచి నవ్వి, గోడకు తగిలించుకోండి, అందంగా ఉంటుంది అన్నాడు. పలకకూ ప్రక్కపట్టీకీ మధ్య ఒకచోట అతుకు విడిపోయి, వేలు దూరేంత సందు ఉన్నది. కార్యవర్గంలో కొందరు దానిని పారవేసి, పెట్టెతోసహా వచ్చే కొత్త ఫిడేలు ఒకటి తెప్పిద్దామన్నారు. పిల్లలకు పాఠాలు మొదలు కావలసిన సమయం. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

కాని అతుకు విడిపోవడం ఫిడేలు చెడిపోయినదానికి గుర్తు కాదు. దానిని అంటించినది జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు. మన ద్వీపపు ఉక్కకూ తేమకూ ఆ జిగురు సడలుతుంది. పనివారు తెలిసే దానిని వాడతారు. కర్ర ఎండి ముడుచుకున్నప్పుడు పలక పగలకుండా అతుకు ముందుగా విడిపోవాలి. విడిపోతే మళ్ళీ అంటించవచ్చు. లోపల రిపేరు చేయాలంటే పలకను కత్తితో మెల్లగా ఎత్తి, పని చేసి, మళ్ళీ మూయవచ్చు. మూడువందల యేళ్ళనాటి ఫిడేళ్ళు ఈనాటికీ మోగుతున్నాయంటే ఈ జిగురే ఒక కారణం. చౌకరకం ఫిడేలు చేసిన పేదపనివాడు కూడా ఈ మర్యాద పాటించాడు. ఆ పలక కొండల్లో పెరిగిన స్ప్రూస్ కర్రది, చేతితో తొలిచినది, పైగా ఇన్నేళ్ళుగా ఆరినది. మేము ఈ మాటలన్నీ చెప్పి వాదించాము. చివరకు అతుకు వేయించి, గుర్రం కొత్తది కోయించి, లోపలి పుల్లను సరిచేయించారు. ఇప్పుడు దాని మీద పిల్లలు సరళీస్వరాలు వాయిస్తున్నారు. దాని నాదం క్రెమోనా నాదం కాదు. కొంచెం ముక్కుతో మాట్లాడినట్లుంటుంది. అయినా స్వరం నిలుస్తుంది.

లోపలి పుల్ల అన్నాము గదా, అది ఏమిటని అడిగే పాఠకులుంటారు. ముందుపలకకూ వెనుకపలకకూ మధ్య, హెచ్చుస్వరపు తీగ వైపున గుర్రం కాలికి కొంచెం వెనుకగా, చిటికెనవ్రేలికన్న సన్నని కర్రపుల్లను నిలబెడతారు. జిగురు ఉండదు, బిగువు మీదనే నిలుస్తుంది. వెంట్రుకవాసి జరిగినా నాదం మారిపోతుంది. ఫ్రెంచివారు దానిని ఆమ్ అంటారు. ఆ మాటకు ఆత్మ అని అర్థమని మన ద్వీపంలో బడికి పోయిన పిల్లవాడెవడైనా చెప్పగలడు. జర్మనులు దానినే కంఠస్వరం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఆత్మ అన్నవారికంటె గొంతు అన్నవారే పని తెలిసినవారని మాకు తోస్తుంది.

షోన్‌బాహ్ కథకు రెండవ అధ్యాయం ఉన్నది. 1945 తరువాత చెకొస్లొవాకియా నుంచి జర్మను భాష మాట్లాడేవారిని వెళ్ళగొట్టినప్పుడు ఆ ఊరి ఫిడేలు పనివారు మళ్ళీ కాందిశీకులైనారు. 1949లో బవేరియాలో ఎర్లాంగెన్ నగరం దగ్గర బూబెన్‌రొయ్ట్ అనే కుగ్రామం వారిని చేర్చుకొనడానికి ఒప్పుకున్నది. వచ్చినవారి సంఖ్య ఊళ్ళోవారిని మించిపోయింది. రైతుల పల్లె కొద్ది సంవత్సరాలలో ఫిడేలు, గిటారు పనివారి ఊరయింది. షోన్‌బాహ్‌లో 1887లో కార్ల్ హోఫ్నర్ స్థాపించిన కుటుంబసంస్థ కూడా అక్కడికే చేరింది. ఆయన కుమారుడు వాల్టర్ హోఫ్నర్ ఫిడేలు ఆకారంలో ఒక విద్యుత్ బేస్ గిటారు రూపొందించాడు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్ నగరంలో కొన్నది ఆ రకమే. మన యువకులు గోడల మీద అంటించుకున్న ఆ బొమ్మలోని వాద్యం ఫిడేలులాగ ఎందుకున్నదో వారికి ఎవరైనా చెప్పారో లేదో. ఊరు పోగొట్టుకున్న ఫిడేలు పనివారి చేతి అలవాటు అది.

జర్మనీకి ఫిడేళ్ళ ఊరు మరొకటి ఉన్నది. బవేరియాలో ఆల్ప్స్ కొండల నడుమ మిట్టెన్‌వాల్డ్. 1487 నుంచి దాదాపు రెండువందల యేళ్ళు బోట్సెన్ సంత అక్కడ జరిగి ఊరు బ్రతికింది. 1679లో సంత తిరిగి బోట్సెన్‌కు పోయేసరికి ఊరికి జీవనం పోయింది. అలాంటి సమయంలో మథియాస్ క్లోట్స్ (1653–1743) ఇటలీలోని పాదువాలో పని నేర్చుకొని తిరిగివచ్చి, ఇంటివెనుక కొండల మీది స్ప్రూస్ కర్రతో ఫిడేళ్ళు చేయడం మొదలుపెట్టాడు. కొడుకులకు, ఊరివారికి నేర్పాడు. సాల్ట్స్‌బర్గ్‌లో భద్రపరచిన మొజార్ట్ కచేరీ ఫిడేలు ఈ క్లోట్స్ కుటుంబం చేసినదే. చర్చి ముందు క్లోట్స్ విగ్రహం ఉన్నది. ఫిడేలు చేస్తున్న పనివాడికి నడివీధిలో విగ్రహం ఎత్తిన ఊళ్ళు ఎన్ని ఉంటాయి? ఇక్కడ కూడా తరువాతి కాలంలో వర్తకులు చేరారు, పని ముక్కలయింది. అయినా 1858లో పెట్టిన ఫిడేలు పని పాఠశాల ఈనాటికీ నడుస్తున్నది. మొదటినుంచి చివరివరకు ఒక్క చేతితో చేయడం అక్కడ ఇంకా నేర్పుతున్నారు.

ఈ క్లోట్స్‌వారు అనుసరించిన నమూనా స్ట్రాడివారిది కాదు. ఎత్తైన పొట్టతో ఫిడేళ్ళు చేసిన తిరోల్ దేశపు యాకోబ్ ష్టైనర్‌ది. పద్ధెనిమిదవ శతాబ్దంలో జర్మను దేశాలలో ష్టైనర్ పేరు ముందు స్ట్రాడివారి పేరు చిన్నది. 1750లో బాహ్ మరణించినప్పుడు వ్రాసిన ఆస్తిపట్టికలో ష్టైనర్ ఫిడేలు ఒకటి 8 టాలర్లకు కట్టి ఉన్నది. 1720 నాటి చేతివ్రాతతో మనకు దక్కిన ఆరు ఒంటి ఫిడేలు రచనలు, ఈ విద్యకు పరాకాష్ఠ అనదగినవి, అటువంటి మెత్తని గొంతు వాద్యాలు వాడుకలో ఉన్న రోజులలో పుట్టాయి. పేర్ల వెలలు కాలంతో మారుతాయనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

కర్ర సంగతి వచ్చింది గనుక మరొక మాట. వ్రేళ్ళు నడిచే పలక, మంచి ఫిడేలుకయితే, నల్లని ఎబొని చేవకర్రది. 1638లో డచ్చివారు మన ద్వీపంలో కాపురం పెట్టినది ముఖ్యంగా ఆ చెట్టు కోసమే. 1710లో వదిలిపోయేలోగా ఎబొని అడవులను నరికి ఓడలకెత్తారు. వారి వెనుక వచ్చినవారు చెరుకు వేశారు, చెరుకు వెనుక మనం వచ్చాము. కమాను కర్ర బ్రెజిల్ దేశపు పెర్నాంబుకో చెట్టుది. అది కూడా చెరుకుతోటల తీరమే. సాక్సనీ కొండల్లో ఏ పేదవాడో తన బల్ల మీద కూర్చిన వస్తువులో ఇన్ని తీరాలున్నవి.

ఇక వాద్యకారులు. అందరినీ వరుసగా పేర్కొనడం మా ఉద్దేశం కాదు.

యోజెఫ్ యోఆహిమ్ (1831–1907) నాటి హంగరీలో పుట్టి జర్మనీ సంగీతానికి పెద్దదిక్కు అయినవాడు. 1869లో బెర్లిన్ సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడు. 1879 జనవరి 1న లైప్‌సిగ్‌లో బ్రామ్స్ కాన్చెర్టోను మొదటిసారి వాయించినది ఆయనే. డెబ్బై దాటిన తరువాత, 1903లో, ఆయన వాయించిన కొన్ని రికార్డులు మిగిలాయి. గీతల చప్పుడు మధ్య వినవలసి ఉంటుంది. మొదటిసారి విన్నవారికి ఆశాభంగం కలిగితే తప్పు లేదు. కాని బాహ్ రచన వాయించినచోట ఓపికగా వినండి. ఈనాటి పాశ్చాత్య వాద్యకారులు ప్రతి స్వరాన్నీ వ్రేలితో వణికిస్తారు. యోఆహిమ్ వణికించడు. స్వరాన్ని ఉన్నదున్నట్లు నిలబెట్టి, ఎక్కడో ఒకచోట మాత్రం కదిలిస్తాడు. ఒక స్వరం నుంచి మరొకదానికి జారుగా పోతాడు. మన గమకం ఇది కాదు. మన గమకం రాగానికి ప్రాణం, వారి కంపనం స్వరానికి నగ. అయినా నగను ఎప్పుడు తీసి పెట్టెలో పెట్టాలో తెలిసిన వాద్యకారుని ముందు మన చెవి సులభంగా కూర్చుంటుంది.

అడాల్ఫ్ బుష్ (1891–1952) మాకు అందరికంటె ఇష్టుడు. జీగెన్ ఊరిలో ఫిడేళ్ళు చేసే తండ్రికి పుట్టాడు. అన్న ఫ్రిట్స్ పేరుపొందిన సంగీత నిర్వాహకుడయ్యాడు, తమ్ముడు హెర్మన్ చెల్లో వాద్యకారుడు. బల్లమీద జిగురు కుండ, ఉలి చూస్తూ పెరిగిన పిల్లవాడు వాయించే తీరు వేరుగా ఉంటుందా అంటే, ఉంటుందనే మా నమ్మకం. 1930లలో ఆయన చతుష్టయం బేతోవెన్ చివరి రచనలను రికార్డు చేసింది. అందులో తీయదనం కోసం వెతికేవారికి నిరాశే. కమాను తీగను ఒరుసుకునే గరుకు కూడా వినిపిస్తుంది. దానిని దాచాలని ఆయన ప్రయత్నించలేదు. కర్రకు నునుపు పట్టించేలోపలే అతుకు సరిగా కుదిరిందా అని చూచే పనివాడి తత్త్వం అది. అదే తత్త్వం ఆయన జీవితంలోనూ కనిపిస్తుంది. బుష్ యూదుడు కాడు. హిట్లరు ప్రభుత్వం ఆయనను నెత్తిన పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నది. అయినా 1933 ఏప్రిల్‌లో యూదుల దుకాణాల బహిష్కారం చూచి, జర్మనీలో తన కచేరీలన్నీ రద్దు చేసుకున్నాడు. చివరకు సముద్రం దాటి అమెరికా చేరి అక్కడే కన్నుమూశాడు. పుట్టిన దేశపు సంగీతాన్ని వెంటబెట్టుకొని పరదేశంలో బ్రతికినవాడి గొంతు ఎలాగుంటుందో ఆ రికార్డులు వింటే మనవారికి తెలుస్తుంది.

బుష్ వద్ద నేర్చుకున్న పిల్లలలో యెహూది మెనూహిన్ ఒకడు. బుష్ మరణించిన 1952లోనే మెనూహిన్ నెహ్రూ ఆహ్వానం మీద భారతదేశం వచ్చి, మదరాసులో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893–1964) వాద్యం విన్నాడు. విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా, తరువాత అధ్యక్షులుగా పనిచేసిన ద్వారం వారిని జనం ఫిడేలు నాయుడు గారు అనేవారు. మన పెద్దలు ఓడెక్కి వచ్చిన జిల్లాలవారికి ఆయన ఇంటి మనిషి. ఆయన కమాను పట్టులో పాశ్చాత్యుల పొడుగు లాగుడు ఉన్నది, నాదం నిండుగా, తెంపులేకుండా సాగుతుంది. వాయించేది మాత్రం త్యాగరాజ కృతి. ఇంగ్లీషువారి బ్యాండులనుంచి బాలుస్వామి దీక్షితుల (1786–1858) కాలంలో మన సంగీతంలోకి వచ్చిన ఆ పరదేశపు పెట్టెను మనవారు ఎలా మచ్చిక చేసుకున్నారో ఇక్కడ చూడాలి. 1820 ప్రాంతంలో బ్రౌన్‌ష్వైగ్‌కు చెందిన లూయీ ష్పోర్ అనే వాద్యకారుడు గడ్డం ఆనించుకొనే చెక్కను కనిపెట్టాడు. ఎడమచేయి స్వేచ్ఛగా తిరగాలని ఆయన తాపత్రయం. మనవారు నేలమీద బాసిపట్టు వేసి కూర్చొని, ఫిడేలు తలను కుడిపాదం మీద ఆనించారు. ఎడమచేతికి అంతకంటె ఎక్కువ స్వేచ్ఛ వచ్చింది, జారులూ గమకాలూ దారి వెతుక్కున్నవి. తీగల శ్రుతి కూడా మార్చి స, ప, స, ప అని కట్టుకున్నారు. చేసినవాడు ఊహించని ఒడిలో ఫిడేలు ఒదిగిపోయింది.

ఈనాటి జర్మనీవారిలో అన్నె సోఫీ ముట్టర్ పేరు అందరికీ తెలుసు. 1963లో పుట్టిన ఈమె బాలికగా ఉండగానే కరయాన్ పిలుపు అందుకున్నది, 1978లో ఆయన నిర్వహణలో మొజార్ట్ కాన్చెర్టోలు రికార్డు చేసింది. ఆమె వద్ద రెండు స్ట్రాడివారి ఫిడేళ్ళున్నవి. నాదంలో ఆమెకు సాటి అరుదు. కాని బేతోవెన్‌ను, మొజార్ట్‌ను పెద్దవయసులో ఆమె వాయించిన తీరులో ప్రతి మలుపునా ఏదో ఒక రంగు పూయాలన్న ఆత్రం కనిపిస్తుందని మా ఫిర్యాదు. కొత్త రచయితల సంగీతం చేపట్టినప్పుడు ఆ ఆత్రమే గుణమవుతుంది.

ఫ్రాంక్ పీటర్ జిమ్మర్‌మన్ కథ వేరు. ఆయన వాయించే 1711 నాటి స్ట్రాడివారి ఒక బ్యాంకు సొత్తు. బ్యాంకు కుప్పకూలి ఆస్తులు అమ్మకానికి వచ్చేసరికి, 2015లో ఆయన ఫిడేలు తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రం పూనుకొనడంతో అది మళ్ళీ ఆయన చేతికి వచ్చింది. ఎంత పెద్ద విద్వాంసుడైనా తన గొంతు తనది కాని స్థితి అది. పెద్ద పేరున్న చీటీకి ఆ ప్రమాదం కూడా తోడుగా వస్తుంది.

అందుచేతనే క్రిస్టియన్ టెట్స్‌లాఫ్ చేసిన పని మాకు అంత ముఖ్యంగా తోస్తుంది. 1966లో హాంబర్గ్‌లో పుట్టిన ఈయన ఒకప్పుడు స్ట్రాడివారి వాయించాడు. తరువాత దానిని విడిచి, స్టెఫాన్ పీటర్ గ్రైనర్ అనే సమకాలీన జర్మను పనివాడు చేసిన కొత్త ఫిడేలు పట్టాడు. గ్రైనర్ బాన్ నగరంలో పని సాగించినవాడు. హైన్రిహ్ డ్యున్‌వాల్డ్ అనే భౌతిక శాస్త్రజ్ఞునితో కలిసి, మంచి ఫిడేలు నాదంలో ఏ ధ్వనులు ఎంత పాలు ఉంటాయో కొలిచి చూచి చేయడం ఆయన పద్ధతి. ప్రపంచంలోని పెద్ద వేదికల మీద, పెద్ద వాద్యబృందాల ముందు, టెట్స్‌లాఫ్ ఆ కొత్త ఫిడేలుతోనే నిలబడ్డాడు. ఆ ఫిడేలు లోపల చీటీ మీద ఉన్నది బ్రతికి ఉన్న మనిషి పేరు.

ఇది ఒక్కరి చాదస్తమని తోసివేయడానికి వీలులేదు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వాద్యకారులకు కళ్ళు కనిపించకుండా నల్లని అద్దాలు పెట్టి, మూడు పాత ఇటలీ ఫిడేళ్ళు, మూడు కొత్తవి ఇచ్చి వాయించమన్నారు. ఏది పాతదో ఏది కొత్తదో చాలామంది చెప్పలేకపోయారు. అందరికంటె తక్కువగా నచ్చినది ఒక స్ట్రాడివారి. స్ట్రాడివారి గొప్పవాడు కాడని దీని అర్థం కాదు. కళ్ళతో విన్నంతకాలం చీటీ వినిపిస్తుంది, చెవులతో వింటే కర్ర వినిపిస్తుంది.

టెట్స్‌లాఫ్ బాహ్ ఒంటి ఫిడేలు రచనలను మూడుసార్లు రికార్డు చేశాడు. మూడవది 2017లో వచ్చింది. అందులోని షకాన్ అనే భాగం, పదిహేను నిముషాలకు అటూ ఇటూగా ఉండే ఒంటి ఫిడేలు ప్రయాణం, మన పాఠకులు తప్పక వినవలసినది. కొన్నిచోట్ల నాదాన్ని గుసగుస వరకు తగ్గిస్తాడు. అందమైన నాదం కోసం వచ్చినవారికి అవి కొంచెం ఎండినట్లు తోచవచ్చు. మాకు మాత్రం మనిషి మాట్లాడినట్లుంటుంది.

మన వైపు చూచుకుంటే బొబ్బిలి వీణ ఉన్నది. ఒకే పనస మాను తొలిచి, కుండ, దండి, తల అతుకు లేకుండా తీసే ఆ వీణ నిజానికి తయారయ్యేది బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి గ్రామంలో, సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాల చేతులలో. కాని పేరు రాజుగారి ఊరిది. భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే వచ్చింది. ఈమని శంకరశాస్త్రి గారిని, చిట్టిబాబు గారిని ఎరుగని తెలుగువాడు ఉండడు. మైనం కాచి మెట్లు నిలిపి, ఒక్కొక్క మెట్టు మీద స్వరం సరిచూచే మనిషి పేరు ఎందరికి తెలుసు? పత్రికలో వీణ కచేరీని సమీక్షించేవారు ఇకనుంచి ఆ వీణ ఎవరు చేశారో ఒక వాక్యం వ్రాయాలని మా కోరిక. జర్మనీ పత్రికలు గ్రైనర్ పేరు వ్రాస్తున్నాయి గదా.

ఇంట పాత ఫిడేలు గాని వీణ గాని ఉన్నవారికి చిన్న మనవి. ఫిడేలయితే ముందుపలక తెరిచే పని పెట్టుకోకండి, తీగలు ఒక్కసారిగా వదులు చేయకండి. వదులు చేస్తే లోపలి పుల్ల పడిపోతుంది. రంధ్రంలోకి చిన్న దీపం చూపి, దంతవైద్యుని అద్దం వంటిది దొరికితే దానితో ముందుపలక లోపలివైపు చూడండి. రిపేరు చేసినవారు గాని, చేసినవారు గాని పెన్సిలుతో పేరో, తేదీయో వ్రాసి వదలడం కద్దు. వీణయితే కుండ అడుగున, బిరడాల పెట్టెలో చూడండి. ఏమైనా కనిపిస్తే అక్షరాలు ఉన్నవి ఉన్నట్లు, అర్థం కాకపోయినా సరే, వ్రాసి పంపండి. వచ్చే సంచికలో ప్రచురిస్తాము.